ఏరుకోవద్దు, డిస్కు మొత్తం తీసుకోండి

కంప్యూటర్ హార్డ్ డిస్కు మొత్తాన్ని బ్యాకప్ తీసుకోవడం పాతకాలపు పద్ధతి అనే మాట ఈమధ్య తరచుగా వినిపిస్తోంది. ఫైళ్లన్నీ క్లౌడ్‌లోనే ఉంటున్నాయి, సిస్టమ్ పాడైతే విండోస్ మళ్లీ ఎక్కించుకోవడం అరగంట పని, అకౌంట్‌తో లాగిన్ అయితే అన్నీ వాటంతటవే దిగిపోతాయి, ఇంకా ఆ వందల జీబీల ఇమేజ్ ఫైళ్లు (డిస్కుని ఉన్నదున్నట్టు నకలు తీసిన ఫైళ్లు) దాచుకోవడం దేనికి అంటారు. మొన్న ఒక మిత్రుడు, కంప్యూటర్లతోనే బతికేవాడు, సరిగ్గా ఇదే మాట అన్నాడు. వింటే సబబుగానే ఉంటుంది. విన్నవాళ్లు డిస్కు బ్యాకప్ సంగతి మర్చిపోయి హాయిగా పడుకుంటారు కూడా. నాకు ఇబ్బంది అక్కడే.

నేను ఒప్పుకోకపోవడానికి కారణం ఒక్కటే. కావలసినవి ఏరుకుని దాచుకునే పద్ధతి పనిచేయాలంటే మనకి ఏది కావాలో ముందే తెలియాలి, అది డిస్కులో ఎక్కడుందో కూడా తెలియాలి. మామూలు మనిషికి ఈ రెండూ తెలియవు. తెలిసినవాడికి కూడా సగమే తెలుసు. డిస్కు పోయిన తర్వాత, పని మొదలుపెట్టి ఒక్కో చోటా చెయ్యి ఆగినప్పుడు, ఏమేం కావాలో ఆ జాబితా బయటపడుతుంది. అందుకే ఏరుకునే పనే పెట్టుకోవద్దు, ఉన్నది ఉన్నట్టు మొత్తం తీసుకోండి అంటాను.

డాక్యుమెంట్స్ ఫోల్డర్‌లో లేనివి

మా అక్క అనువాదాలు చేస్తుంది. జాగ్రత్త మనిషి. వారం వారం డాక్యుమెంట్స్, డెస్క్‌టాప్, పిక్చర్స్ ఫోల్డర్లు ఎక్స్‌టర్నల్ డిస్కులోకి కాపీ చేసుకునేది. ఒకరోజు తన లాప్‌టాప్‌లో ఎస్‌ఎస్‌డీ, అంటే లోపల తిరిగే భాగాలు లేని కొత్తరకం డిస్కు, ఉన్నట్టుండి పోయింది. పాత హార్డ్ డిస్కులు చాలావరకు పోయే ముందు టకటకమని చప్పుడు చేసేవి, నెమ్మదించేవి, ఏదో ఒక సూచన ఇచ్చేవి. దీనికి అలాంటిదేమీ లేదు. రాత్రి మామూలుగా ఆపిన మెషీన్, పొద్దున ఆన్ చేస్తే బయోస్‌లో (విండోస్ కంటే ముందు లేచే సెట్టింగుల తెర) డిస్కు పేరే కనిపించలేదు.

కొత్త ఎస్‌ఎస్‌డీ వేశాం, విండోస్ ఎక్కించాం, కాపీలు వెనక్కి పెట్టాం. "ముఖ్యమైనవన్నీ వచ్చేశాయిరా, ఏం పోలేదు" అని తనే అంది. పనిలో కూర్చున్నాక ఒక్కొక్కటే బయటపడ్డాయి. మొదట స్టికీ నోట్స్. ఏ క్లయింట్‌కి ఏ పదం వాడాలి, ఎవరికి ఏ తేదీకి ఇవ్వాలి అనేవన్నీ స్క్రీన్ మీద పసుపు చీటీల్లో రాసి పెట్టుకునేది. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయి ఉంటే అవి ఆన్‌లైన్‌లో ఉండేవి, తను ఎప్పుడూ లాగిన్ కాలేదు. ఆ చీటీలన్నీ ప్లమ్ డాట్ ఎస్‌క్యూలైట్ అనే ఒక చిన్న ఫైలులో ఉంటాయి. ఆ ఫైలు యాప్‌డేటా అనే ఫోల్డర్‌లో నాలుగైదు అంతస్తులు దిగితే గానీ దొరకదు, ఆ యాప్‌డేటా మామూలుగా కంటికే కనపడదు. దాన్ని కాపీ చేసుకోవాలని ఎవరికి తడుతుంది?

తర్వాత వర్డ్ తెరిచింది. పేజీ నిండా ఎర్ర గీతలు. ఏళ్ల తరబడి "యాడ్ టు డిక్షనరీ" నొక్కుతూ చేర్చుకున్న పేర్లు, సాంకేతిక పదాలు ఏవీ లేవు. అవి కస్టమ్ డాట్ డీఐసీ అనే ఫైలులో ఉంటాయి, అదీ యాప్‌డేటాలోనే. తను సరిచేసి పెట్టుకున్న స్టైళ్లు, మాక్రోలు ఉన్న నార్మల్ టెంప్లేటూ అక్కడిదే. ఈమెయిల్ సంతకాలూ అంతే. వీటిలో ఏ ఒక్కటీ పెద్ద నష్టం కాదు, ఒక్కోటీ విడిగా చెబితే ఎవరూ అయ్యో అనరు. కానీ అక్క ఆ వారమంతా పనిచేస్తూ మధ్యమధ్యలో ఆగిపోయేది. ఏం పోయిందో కూడా సరిగ్గా చెప్పలేని చికాకు అది. ఆ ఫైళ్లన్నీ కలిపి చూసినా తను కాపీ చేసిన ఒక్క ఫోటో అంత సైజు ఉండవు.

ఫైలు చేతికొచ్చినా తాళం రాదు

"అయితే యాప్‌డేటా కూడా కాపీ చేసుకుంటే సరి" అంటారు. అలా చేసినవాళ్లనీ చూశాను. ఒకాయన కొత్త లాప్‌టాప్ తీసుకుని, పాతదాంట్లో బ్రౌజర్ ప్రొఫైల్ ఫోల్డర్‌ని ఉన్నదున్నట్టు తెచ్చి ఇందులో పెట్టాడు. బుక్‌మార్కులు వచ్చాయి, హిస్టరీ వచ్చింది. సేవ్ చేసుకున్న పాస్‌వర్డ్‌లు మాత్రం ఒక్కటీ పనిచేయలేదు. ఫైలు ఉంది, తెరవడం కుదరదు.

విండోస్‌లో డీపీఏపీఐ అనే ఏర్పాటు ఒకటుంది. బ్రౌజర్ల లాంటి ప్రోగ్రాములు రహస్యంగా ఉంచాల్సిన డేటాని దానితో తాళం వేస్తాయి. ఆ తాళంచెవి ఆ విండోస్‌లోని ఆ యూజర్‌కి, అతని లాగిన్‌కి ముడిపడి ఉంటుంది. కొత్త మెషీన్‌లో అదే పేరుతో, అదే పాస్‌వర్డ్‌తో యూజర్‌ని తయారుచేసినా విండోస్ లెక్కలో అతను వేరే మనిషి. ఏదైనా వైరస్ మన ఫైళ్లు ఎత్తుకుపోయినా వాటిని తేలిగ్గా తెరవలేకపోవడం కోసం పెట్టిన రక్షణ ఇది, మంచిదే. కానీ ఫైల్ కాపీని నమ్ముకున్నవాడికి ఇదే అడ్డం తగులుతుంది. డిస్కు ఇమేజ్‌ని వెనక్కి పెడితే ఈ గొడవ లేదు. అదే విండోస్, అదే యూజర్, అవే తాళంచెవులు.

బ్రౌజర్ సింక్ ఉంది కదా, పాస్‌వర్డ్ మేనేజర్ ఉంది కదా అనొచ్చు. ఉన్నాయి, వాడాలి, నేనూ వాడతాను. కానీ ఒక్కో ప్రోగ్రాముకీ ఒక్కో సింక్, ఒక్కోదానికి ఒక్కో షరతు, ఏది ఏమేం తీసుకెళుతుందో ఏది వదిలేస్తుందో ఎవరికివారు తెలుసుకుని ఆన్ చేసి పెట్టుకోవాలి. అంటే మళ్లీ మొదటికే వచ్చాం, ఎక్కడేముందో ముందే తెలిసుండాలి.

ఇక ఆ అరగంట సంగతి. విండోస్ ఎక్కడం అరగంటే, నిజమే. ఆ తర్వాత ప్రింటర్, స్కానర్, ఫాంట్లు, ఆఫీసు వీపీఎన్ సెట్టింగులు. కొన్ని సాఫ్ట్‌వేర్ల లైసెన్సులు ఇన్ని మెషీన్లకే అని పరిమితి ఉంటుంది, పాత మెషీన్‌లో డీయాక్టివేట్ చేసి రమ్మంటుంది. పాత డిస్కు చచ్చిపోయి కూర్చుంది, అందులో డీయాక్టివేట్ ఎలా చేస్తాం? వాళ్ల సపోర్ట్‌కి రాసి ఎదురుచూడాలి. ఎప్పుడో ఒకసారి అన్నీ శుభ్రంగా తుడిచేసి కొత్తగా మొదలుపెట్టడం మంచిదేనని నేనూ అంటాను. అది మనకి తీరికున్న ఆదివారం మనం ఎంచుకుని చేసుకోవాల్సిన పని. రేపు పొద్దున పని అప్పగించాల్సినవాడికి డిస్కు పోయిన రాత్రి ఆ సలహా ఇవ్వడం నాకు అన్యాయంగా తోస్తుంది.

"మైక్రోసాఫ్టే వదిలేసింది కదా"

ఇది గట్టి వాదనే. విండోస్‌లో సిస్టమ్ ఇమేజ్ తీసే సదుపాయం ఇప్పటికీ కంట్రోల్ ప్యానెల్‌లో "బ్యాకప్ అండ్ రీస్టోర్" పేరుతో, పక్కన "విండోస్ 7" అని రాసి కనిపిస్తుంది. దాన్ని ఇక అభివృద్ధి చేయబోమని 2017లో, విండోస్ 10 1709 వెర్షన్‌తో మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. తయారుచేసినవాళ్లే వదిలేసిన దాన్ని పట్టుకు వేలాడటం ఎందుకు అని అడుగుతారు. కానీ ఆ ప్రకటనలోనే, డిస్కు మొత్తం బ్యాకప్ కావాలంటే వేరే కంపెనీల సాఫ్ట్‌వేర్ వాడుకోండి అని కూడా ఉంది. వాళ్లు ఆ అవసరం తీరిపోయిందని చెప్పలేదు. ఆ పని ఇక మేం చేయం అన్నారు, అంతే.

ఈ రంగంలో ప్రోగ్రాములు వస్తుంటాయి, పోతుంటాయి. న్యూజిలాండ్‌లో పుట్టి, 1998లో సిమాంటెక్ చేతికి వెళ్లిన ఘోస్ట్ ఒకప్పుడు ఈ పనికి మారుపేరు. ఇమేజ్ తీయడాన్ని "ఘోస్ట్ చేయడం" అనే అనేవాళ్లు. 2013లో ఇళ్లలో వాడే నార్టన్ ఘోస్ట్ ఆగిపోయింది. చాలామంది నమ్ముకున్న మాక్రియమ్ రిఫ్లెక్ట్ ఉచిత వెర్షన్ కూడా పోయింది. ఇవాళ డబ్బు పెట్టకుండా కావాలంటే క్లోన్‌జిల్లా ఉంది, దానికంటే తేలికైన ముఖంతో రెస్క్యూజిల్లా ఉంది, విండోస్ లోపలి నుంచే తీసుకోవాలంటే వీమ్ ఏజెంట్ ఉచిత వెర్షన్ ఉంది. ఏది వాడినా ఇమేజ్‌తోపాటు ఆ ప్రోగ్రాము ఇన్‌స్టాలర్‌ని, దాని బూట్ పెన్‌డ్రైవ్‌ని (విండోస్ లేకపోయినా కంప్యూటర్‌ని లేపే పెన్‌డ్రైవ్) కూడా దాచండి. ఒక కంపెనీ సొంత ఫార్మాట్‌లో ఉన్న ఇమేజ్ ఆ కంపెనీ ప్రోగ్రాము లేకపోతే తెరుచుకోదు.

తీసేటప్పుడు చాలామంది సీ డ్రైవ్ ఒక్కటే టిక్ పెడతారు. డిస్కులో అదొక్కటే ఉండదు. మొదట్లో మెషీన్ లేవడానికి కావలసిన ఈఎఫ్‌ఐ పార్టిషన్ (డిస్కులో విడిగా కేటాయించిన భాగం) ఉంటుంది, 100 ఎంబీ అటూఇటూగా, దానికి డ్రైవ్ లెటర్ ఉండదు కాబట్టి ఎక్స్‌ప్లోరర్‌లో కనపడదు. అది లేని ఇమేజ్‌ని కొత్త డిస్కులో పెడితే ఫైళ్లన్నీ భద్రంగా ఉంటాయి, మెషీన్ మాత్రం బూట్ కాదు. డిస్కు పేరు పక్కనున్న టిక్కే పెట్టండి, విడి పార్టిషన్ల పక్కన కాదు. టైమ్ గురించి టెన్షన్ అక్కర్లేదు, ఈ ప్రోగ్రాములు ఖాళీ జాగాని వదిలేసి వాడిన భాగాన్నే చదువుతాయి. 200 జీబీ నిండిన డిస్కుని సెకనుకి 100 ఎంబీ చొప్పున రాస్తే లెక్కకి అరగంట పైన కొంచెం. కంప్రెషన్ పెడితే కాస్త అటూఇటూ కావచ్చు.

మొత్తం అంటే నిజంగా మొత్తమేనా?

ఇక్కడ నా వాదనే కుంటుతుంది. వన్‌డ్రైవ్ లాంటివి డిస్కులో జాగా మిగల్చడానికి ఫైళ్లని క్లౌడ్‌లోనే ఉంచి, ఇక్కడ పేరు మాత్రం చూపిస్తాయి. ఫైలు పక్కన చిన్న మేఘం గుర్తు కనిపిస్తే అది మన డిస్కులో లేనట్టే. డబుల్ క్లిక్ చేస్తే అప్పుడు దిగుతుంది. డిస్కు ఇమేజ్ తీస్తే ఆ పేర్లే ఇమేజ్‌లోకి వస్తాయి, లోపలి సరుకు రాదు. రేపు ఆ అకౌంట్ లాక్ అయిందనుకోండి, మన దగ్గరున్న "మొత్తం డిస్కు"లో ఆ ఫోల్డర్ ఉత్త పేర్ల పట్టిక. జాగా ఉంటే ఆ ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి "ఆల్వేస్ కీప్ ఆన్ దిస్ డివైస్" పెట్టి, అన్నీ దిగాక ఇమేజ్ తీయాలి. జాగా లేకపోతే ఆ ఫైళ్లకి వేరే దారి చూసుకోవాలి. ఏరుకోవద్దన్న నేనే ఇది చెప్పాల్సి వస్తోంది, కానీ చెప్పకపోతే తప్పు.

రెండోది, ఇమేజ్‌తో చెత్త కూడా వెనక్కి వస్తుంది. వైరస్ ఎక్కిన మెషీన్‌ని ఇమేజ్ తీస్తే వైరస్‌తో సహా భద్రపరిచినట్టే. దీనికి నా దగ్గరున్న జవాబు, ఒక్క ఇమేజ్‌తో సరిపెట్టుకోకుండా వేర్వేరు తేదీలవి రెండు మూడు ఉంచుకోవడం. పూర్తిగా వెనక్కి పెట్టకుండా ఇమేజ్‌ని ఒక డ్రైవ్‌లా తెరిచి అందులోంచి కావలసిన ఫైలు ఒక్కటే లాక్కోవడం కూడా చాలా ప్రోగ్రాముల్లో కుదురుతుంది. క్లోన్‌జిల్లా ఇమేజ్‌తో అది అంత తేలిక కాదు, ఆ పని తరచుగా పడేవాళ్లు ఇంకోటి చూసుకోవడం మేలు.

మూడోది వేరే మెషీన్. ఇమేజ్‌ని అదే కంప్యూటర్‌లో కొత్త డిస్కు మీద పెడితే చక్కగా లేస్తుంది. మదర్‌బోర్డే పోయి వేరే కంప్యూటర్‌లో పెడితే నీలం స్క్రీన్ వచ్చి "ఇన్‌యాక్సెసిబుల్ బూట్ డివైస్" అని ఆగిపోయే అవకాశం గట్టిగానే ఉంది. కొత్త ఇంటెల్ లాప్‌టాప్‌లలో డిస్కు వీఎండీ అనే ఏర్పాటు వెనక ఉంటుంది, దాని డ్రైవర్ పాత విండోస్‌లో లేకపోతే డిస్కు దానికి కనపడదు. వేరే హార్డ్‌వేర్‌కి సర్దిపెట్టే సదుపాయం కొన్ని ప్రోగ్రాముల్లో ఉంది, దాన్ని నమ్ముకుని కూర్చోవద్దు. అలాంటప్పుడు కూడా ఇమేజ్‌ని తెరిచి స్టికీ నోట్స్ దాకా ప్రతి ఫైలూ తీసుకోవచ్చు, పాస్‌వర్డ్‌ల తాళం మాత్రం అడ్డుపడుతుంది.

నాలుగోది బిట్‌లాకర్, అంటే డిస్కులో ఉన్నదంతా తాళం వేసి (ఎన్‌క్రిప్ట్ చేసి) ఉంచే విండోస్ ఏర్పాటు. దీని గురించి ఎవరూ సరిగ్గా చెప్పరు. ఇప్పటి విండోస్ 11 లాప్‌టాప్‌లు చాలావాటిలో మనకి తెలియకుండానే డిస్కు ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది. విండోస్ నడుస్తుండగా లోపలి నుంచి ఇమేజ్ తీస్తే డేటా విప్పి ఉన్న రూపంలోనే ఇమేజ్‌లోకి వస్తుంది. అంటే ఆ ఎక్స్‌టర్నల్ డిస్కు ఎవరి చేతిలో పడితే వాళ్లు అన్నీ చదవగలరు, కాబట్టి ఇమేజ్‌కి ప్రోగ్రాములోనే పాస్‌వర్డ్ పెట్టాలి. వెనక్కి పెట్టాక బిట్‌లాకర్ మళ్లీ ఆన్ చేసుకోవాలి. అదే ఆ తాళం విప్పకుండా పెన్‌డ్రైవ్‌తో బయటి నుంచి తీస్తే ప్రోగ్రాముకి ఖాళీ జాగా ఏదో నిండింది ఏదో తెలియదు, సెక్టార్ సెక్టారూ (డిస్కులోని ఒక్కో చిన్న గడీ) మొత్తం తీస్తుంది, ఇమేజ్ డిస్కు అంత సైజు అవుతుంది. అది వెనక్కి పెట్టాక 48 అంకెల రికవరీ కీ అడగొచ్చు. ఆ కీని ఆ కంప్యూటర్‌లోనే దాచుకున్నవాళ్లున్నారు. కాగితం మీద రాసి వేరేచోట పెట్టండి.

వెనక్కి పెట్టి చూసే పని

2017 జనవరి 31న ప్రోగ్రామర్లు కోడ్ దాచుకునే గిట్‌ల్యాబ్ అనే సైట్‌లో ఒక ఇంజినీర్ రాత్రివేళ అలసటలో ఒక సర్వర్ అనుకుని ఇంకో సర్వర్‌లో డేటాబేస్ ఫోల్డర్ తుడిచేశాడు. ఆపేలోపు 300 జీబీల్లో 4.5 జీబీలే మిగిలాయి. వాళ్ల దగ్గర బ్యాకప్, రెప్లికేషన్ (ఇంకో సర్వర్‌లో నకలు ఉంచడం) పద్ధతులు ఐదున్నాయి. ఏదీ ఆ సమయానికి అక్కరకు రాలేదని వాళ్లే బహిరంగంగా రాసుకున్నారు. రోజూ జరగాల్సిన డేటాబేస్ బ్యాకప్, వెర్షన్ తేడా వల్ల ప్రతిసారీ ఫెయిలవుతోంది. ఫెయిలైందని చెప్పే మెయిళ్లు దారిలోనే తిరస్కరణకు గురవుతున్నాయి. చివరికి వేరే పని కోసం ఎవరో ఆరు గంటల ముందు చేత్తో తీసిన స్నాప్‌షాట్ (ఆ క్షణంలో ఉన్నదున్నట్టు తీసిన నకలు) ఒకటి దొరికి బయటపడ్డారు.

నన్ను ఇందులో పట్టి ఉంచేది ఆ మెయిళ్ల సంగతి. అక్కడ అజాగ్రత్త మనుషులెవరూ లేరు, హెచ్చరిక కూడా ఏర్పాటు చేసుకున్నారు. ఆ బ్యాకప్ లోంచి ఒక్కసారి వెనక్కి తెచ్చి చూసుంటే ఫోల్డర్ ఖాళీ అని ఆ రోజే తెలిసేది.

మనమూ ఇంతే. బ్యాకప్ ప్రోగ్రాము చివర్లో ఆకుపచ్చ టిక్కు చూపిస్తుంది, చాలు అనుకుంటాం. కొందరు వెరిఫై కూడా నొక్కుతారు. వెరిఫై అంటే రాసింది రాసినట్టు చదవగలుగుతున్నాను అని మాత్రమే అర్థం, ఇది బూట్ అవుతుంది అని కాదు. అది తెలియాలంటే ఇంకో డిస్కు మీద పెట్టి, ఆ డిస్కుతో మెషీన్ లేపి చూడటం తప్ప వేరే మార్గం లేదు.

దీనికి జనం భయపడతారు, ఆ భయంలో అర్థముంది. రీస్టోర్ అంటే ఎదురుగా ఉన్న డిస్కు మీద ఉన్నదంతా చెరిపి రాయడం. క్లోన్‌జిల్లాలో ఆ స్క్రీన్ చూస్తే నాకిప్పటికీ గుండె కాస్త వేగంగా కొట్టుకుంటుంది. నల్లటి తెర మీద ఎస్‌డీఏ, ఎస్‌డీబీ, ఎన్‌వీఎంఈ0ఎన్1 అని పేర్లు, పక్కన సైజులు, ఏది అసలుదో ఏది విడిదో వాటిని బట్టే పోల్చుకోవాలి. ఎంచుకున్నాక, ఈ డిస్కులో ఉన్నదంతా పోతుంది, నిజంగా చేయమంటావా అని అడుగుతుంది. వై అని కొడితే పార్టిషన్ల పట్టిక చూపించి మళ్లీ అడుగుతుంది. రెండోసారి వేలు ఆగుతుంది. అందుకే అసలు డిస్కుని స్క్రూ విప్పి పక్కన పెట్టేసి, విడి డిస్కు ఒక్కటే లోపల ఉంచి ఈ పని చేస్తాను. తప్పు డిస్కు ఎంచుకోవడానికి అక్కడ ఇంకో డిస్కు ఉండదు. ఇమేజ్ ఉన్న ఎక్స్‌టర్నల్ డిస్కు ఒక్కటి ఉంటుంది, దాని సైజు వేరేది అయ్యేలా చూసుకుంటే చాలు.

పరీక్షించినప్పుడే ఇంకొన్ని సంగతులు బయటపడతాయి. 500 జీబీ డిస్కు ఇమేజ్‌ని 480 జీబీ డిస్కు మీద పెట్టబోతే, లోపల నిండింది సగమే అయినా, క్లోన్‌జిల్లా మామూలుగా ఒప్పుకోదు. అదే సైజో అంతకంటే పెద్దదో ఉండాలి. పెన్‌డ్రైవ్ బూట్ కావాలంటే మెషీన్ ఆన్ చేయగానే ఏ కీ నొక్కాలో, సెక్యూర్ బూట్ (నమ్మకమైనవాటితోనే మెషీన్‌ని లేవనిచ్చే రక్షణ) ఏమంటుందో అప్పుడే తెలుస్తుంది. విండోస్ లేచాక అసలు డిస్కునీ దీన్నీ ఒకేసారి తగిలిస్తే రెండింటి గుర్తింపు సంఖ్య ఒకటే కావడంతో విండోస్ ఒకదాన్ని ఆఫ్‌లైన్‌లో పెట్టేస్తుంది. ఇది తెలియనివాడు డిస్కు పోయిందని కంగారుపడతాడు. ఈ కంగారులన్నీ అసలు డిస్కు బతికి, పక్కనే బల్ల మీద ఉండగా పడటం ఎంతో నయం.

విడి డిస్కు లేనివాళ్లు కనీసం రెండు పనులైనా చేయాలి. రెస్క్యూ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, అక్కడి నుంచి ఇమేజ్ ఉన్న డిస్కు, లోపలి డిస్కు రెండూ కనిపిస్తున్నాయో లేదో చూసి వెనక్కి వచ్చేయాలి. తర్వాత ఇమేజ్‌ని తెరిచి, ఎక్కడో మారుమూల ఫైలు ఒకటి బయటికి తీసి చదవాలి. ఇది పూర్తి పరీక్ష కాదు, కానీ చాలా లోపాలు ఈ రెంటిలోనే దొరికిపోతాయి.

తగిలించి ఉంచొద్దు

బ్యాకప్ డిస్కుని ఎప్పుడూ కంప్యూటర్‌కే తగిలించి ఉంచితే, ఆటోమేటిక్‌గా జరిగిపోతుందనే సుఖం ఉంది. కానీ ఫైళ్లకి తాళం వేసి డబ్బు అడిగే ర్యాన్సమ్‌వేర్ వస్తే అందులో ఉన్నదీ పోతుంది. చాలా రకాలు ముందు విండోస్ తనే దాచుకునే పాత నకళ్లని (షాడో కాపీలు) చెరిపేసి, తర్వాత కనిపించిన ప్రతి డ్రైవ్ మీదా పడతాయి. 2021 జూన్‌లో వెస్టర్న్ డిజిటల్ వాళ్ల మై బుక్ లైవ్ డిస్కులు నెట్‌కి కలిపి ఉండటంతో ఎక్కడో ఉన్నవాళ్లు లోపం పట్టుకుని ఫ్యాక్టరీ రీసెట్ కొట్టారు, బ్యాకప్ అనుకుని దాచుకున్నవి రాత్రికి రాత్రి ఖాళీ అయ్యాయి. కాబట్టి ఇమేజ్ పూర్తయ్యాక తీగ పీకి లోపల పెట్టడమే నా పద్ధతి.

డిస్కు ఇప్పటికే మొరాయిస్తుంటే ఇవేవీ పనికిరావు, ముందు అది ఆలోచించాలి. స్మార్ట్ వివరాల్లో (డిస్కు తన ఆరోగ్యం గురించి తనే రాసుకునే లెక్కలు) 197 నంబరున్న వరుస, అంటే చదవడం కుదరక అనుమానంలో పెట్టిన పెండింగ్ సెక్టార్ల సంఖ్య, సున్నా దాటి పెరుగుతోందంటే మామూలు ఇమేజ్ ప్రోగ్రాము చెడ్డ చోటు తగలగానే ఆగిపోవచ్చు, లేదా అక్కడే గింజుకుని ఉన్న ప్రాణం తీయొచ్చు. దానికి జీఎన్‌యూ డీడీరెస్క్యూ అనే ప్రోగ్రాము ఉంది. ముందు బాగున్న భాగాలన్నీ గబగబా తీసుకుని, చెడినవాటిని మ్యాప్ ఫైలులో రాసిపెట్టుకుని తర్వాత మళ్లీ ప్రయత్నిస్తుంది. మధ్యలో ఆపినా ఆగిన చోటు నుంచే మొదలవుతుంది.

ఎంత తరచుగా అని అడుగుతారు. రోజూ ఇమేజ్ తీయమని నేననను, అలా చెబితే ఎవరూ చేయరు. రాసుకునే ఫైళ్లు రోజూ సింక్‌లోనో కాపీలోనో వెళ్లనివ్వండి. ఇమేజ్ నెలకొకసారి, అది కాక విండోస్ పెద్ద అప్‌డేట్ ముందు, డిస్కు మార్చే ముందు ఒకటి. డిస్కు పోతే పోయిన నెల ఇమేజ్ వెనక్కి పెట్టి, దాని మీద నిన్నటి ఫైళ్లు దింపుకుంటే ఆ రోజే పనిలో కూర్చోవచ్చు. కొత్త ఇమేజ్ తీయగానే జాగా కోసం పాతది చెరిపేయకండి. కొత్తదాన్ని తెరిచి ఒక ఫైలు చదివాక, అప్పుడు చెరపండి.